నారు పోసినవారే నీరు పోయాలి
క్రొత్త విశ్వాసిని పెంచడం, కాపాడుకోవడం గురించి సంఘానికి ఒక మాట



ఉజ్జీవ కూడికలు ముగిసిన తర్వాతి ఆదివారం మన తీరమంతా ఒక చక్కని దృశ్యం కనబడుతుంది. కొన్ని సంఘాలు ఊరి చెరువు దగ్గర, కొన్ని పెన్నా ఒడ్డున, కొన్ని సముద్రం ఒడ్డున చేరతాయి. తెల్లబట్టలు కట్టుకొన్నవారు వరుసగా నిలబడతారు. పాట, ప్రార్థన, బాప్తిస్మము, ఫోటో. సాయంత్రానికి ఆ ఫోటో అందరి ఫోన్లలోకి చేరుతుంది. క్రింద ఒక సంఖ్య ఉంటుంది. ఇంతమంది ప్రభువును అంగీకరించారు, దేవునికి స్తోత్రము.

దేవునికి స్తోత్రము కలుగును గాక. అయితే ఈ వారం మిమ్మల్ని ఒక చిన్న పని చేయమని అడుగుతున్నాము. మీ సంఘంలో బాప్తిస్మపు రిజిస్టరు ఉంటుంది. బీరువాలోంచి తీసి, రెండేళ్ల క్రితం పేజీ తెరవండి. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి, ఈమె ఇప్పుడు ఎక్కడ ఉంది, ఇతడు ఏమయ్యాడు అని అడగండి. జవాబు చెప్పగలిగినవారు ఎవరైనా ఉంటే మీ సంఘం ధన్యమైనది. ఎవరూ చెప్పలేకపోతే, ఈ వ్యాసం మీ కోసమే. మాలో చాలామందికి ఆ పేజీ తెరవడమంటే భయమని మేము దాచము.

నెల్లూరు రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నారుమడిలో పచ్చగా ఉన్న నారును పీకి పొలంలో నాటిన మొదటి వారం, అది పసుపురంగుకు తిరిగి వాలిపోయినట్టు కనబడుతుంది. వేరు క్రొత్త మట్టిని పట్టుకొనేదాకా నీళ్లు ఎక్కువైనా పోతుంది, తక్కువైనా పోతుంది. ఆ వారమంతా రైతు గట్టు మీదే ఉంటాడు. బాప్తిస్మము పొందిన మనిషి కూడా నాటు వేసిన నారే. పాత మడిలోంచి వేరు వచ్చేసింది, క్రొత్త మడిలో ఇంకా పట్టుకోలేదు. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటారు మన పెద్దలు. దేవుని విషయంలో ఆ మాట ఎప్పుడూ నిజమే. సంఘం విషయంలో నిజం కావాలంటే, ప్రతి క్రొత్త విశ్వాసికి పేరు పెట్టి ఒక మనిషిని అప్పగించాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట ఇదొక్కటే.

మన తీరపు చరిత్ర ఏమి చెప్తోంది

ఈ పాఠం మనకు బయటి దేశపు పుస్తకాల నుండి రానక్కరలేదు. మన నేల మీదే జరిగింది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ సామ్యూల్ డే 1836లో భారతదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆ సంవత్సరమే పెన్నా నదిలో మొదటి తెలుగు విశ్వాసి బాప్తిస్మము పొందాడు. 1844లో నెల్లూరు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఫలం కనబడలేదు. ఈ మిషన్‌ను మూసివేయాలనే ఆలోచన ఒక్కసారి కాదు, మూడుసార్లు వచ్చింది. 1849లో వచ్చిన లైమన్ జూయెట్, మీరు వదిలేసినా నేను వదలనన్నట్టుగా నిలబడ్డారు. 1854 జనవరి 1 ఉదయాన జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ఒంగోలులోని ఒక కొండ మీద ప్రార్థించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటున్నాము. ఒంగోలు ప్రాంతం ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

తర్వాత జరిగినదాన్ని మనం పెద్ద సంఖ్యలతో గుర్తుపెట్టుకొంటాము. ఆ సంఖ్యల వెనుక ఉన్న మనిషిని మాత్రం తరచుగా మరచిపోతాము. ఆయన యర్రగుంట్ల పేరయ్య. తోలు పని చేసే మాదిగ కుటుంబంలో పుట్టినవాడు, తాళ్లకొండపాడు వాస్తవ్యుడు. దేవుని వెదకుతూ ముందు గురువుల దగ్గర యోగం నేర్చుకొన్నవాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మము పొందారు. అప్పటి నుండి పేరయ్య తాను నమ్మినదాన్ని తన వాళ్లకు చెప్తూ ఊరూరా తిరిగాడు. 1867 జనవరిలో జాన్ ఇ. క్లౌ తాళ్లకొండపాడుకు వెళ్లేసరికి చుట్టుప్రక్కల ఊళ్ల జనం తిండి మూటలు కట్టుకొని వచ్చి ఉన్నారు. చింతతోపులో దాదాపు ఐదు రోజులు కలిసి కూర్చొని విన్నారు. ఆ తర్వాతే 28 మంది బాప్తిస్మము పొందారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ 28 మంది ఒక సభలో చేతులెత్తి వచ్చినవారు కారు. వారికి ముందు నెలల తరబడి పేరయ్య తెలుసు. తర్వాత కూడా పేరయ్య తెలుసు. వారి భాష, వారి పని, వారి ఇంటి గొడవలు ఎరిగిన మనిషి వారి మధ్య ఉన్నాడు. దొర గుఱ్ఱమెక్కి ఒంగోలుకు వెళ్లిపోయినా పేరయ్య ఆ ఊళ్లలోనే తిరుగుతూ ఉన్నాడు.

ఆ క్రొత్త విశ్వాసులకు ఆ రోజుల్లో నేర్పిన నియమాలు మూడు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు. విగ్రహాలను పూజించవద్దు. చదవడానికి చిన్న మాటలే. కాని ఒక్కొక్కటీ ఊరి ఆసామితో నేరుగా తగవు తెచ్చేది. ఆదివారం పనికి రానంటే కూలి పోయింది. జాతరలో డప్పు కొట్టనంటే ఏడాదికి రావలసిన గింజలు పోయాయి. బావి దగ్గరికి రానివ్వలేదు. కొందరి మీద అబద్ధపు కేసులు పెట్టారు. ఈ ఒత్తిడిని ఒంటరి మనిషి తట్టుకోలేడని అప్పటి సేవకులకు తెలుసు. అందుకే తెలుగు బోధకులు ఊరి నుండి ఊరికి తిరిగేవారు. మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి, ఏ ఊరిలో ఎవరికి ఏ కష్టం వచ్చిందో చెప్పుకొనేవారు. సముద్రపు ఒడ్డున రామాపట్నంలో 1870లలో సెమినరీ మొదలైంది కూడా అలాంటి బోధకులను సిద్ధపరచడానికే.

పదిహేను నెలలు ఆగిన సంఘం

1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరవు గురించి మన తాతలు కథలుగా చెప్పేవారు. ఇప్పుడు మన పొలాల ప్రక్కన, రొయ్యల గుంటల ప్రక్కన పూడిపోయి కనబడే బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకపు పనిని ఆ కరవులో క్లౌ కాంట్రాక్టుకు తీసుకొన్నారు. ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలన్నదే ఉద్దేశం. వేలమంది వచ్చారు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా ఉండి, విరామ సమయంలో వారి ప్రక్కన కూర్చొని మాట్లాడారు. చాలామంది బాప్తిస్మము అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదు, తమ మనస్సు తమకే తెలియకుండా ఎవరూ నీళ్లలో దిగకూడదు అనేదే కారణం.

కరవు పని ముగిసింది. ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా జనం వెళ్లలేదు, మాకు సహాయం వద్దు, బాప్తిస్మము కావాలి అన్నారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర మూడు రోజుల్లో 614, 2,222, 700 మంది, మొత్తం 3,536 మంది బాప్తిస్మము పొందారు. 2,222 అనే సంఖ్య లోకమంతా తెలిసింది. ఆ సంఖ్యకు ముందున్న పదిహేను నెలల నిరీక్షణ మాత్రం అంతగా తెలియలేదు. ఎవరిని తీసుకోవాలో, ఎవరు ఇంకా ఆగాలో ఆయా ఊళ్లను ఎరిగిన బోధకులే చెప్పారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మము ఇచ్చినవారు కూడా తెలుగు బోధకులే.

అంతా సవ్యంగా జరిగిందని మేము అనడం లేదు. ఒక్క సంవత్సరంలో తొమ్మిది వేలకు పైగా చేరినప్పుడు, నేర్పేవారు చాలలేదు. పని అంతా ఒక్క ఒంగోలు నుండి చూడడం సాధ్యం కాక, కొన్నేళ్లలోనే కంభం, వినుకొండ, నరసారావుపేట, బాపట్ల వేరు కేంద్రాలు చేయవలసి వచ్చింది. నారు ఎక్కువ పోస్తే గట్టు మీద మనుషులు కూడా ఎక్కువ కావాలి. ఈ లెక్క 1878లో నిజం, ఇప్పుడూ నిజం.

వాక్యము చూపే మార్గం

మత్తయి 28వ అధ్యాయంలో ప్రభువు ఇచ్చిన ఆజ్ఞ బాప్తిస్మము దగ్గర ఆగిపోదు. తాను ఆజ్ఞాపించినవాటిని గైకొనడం నేర్పమనే మాటతో ముగుస్తుంది. మనం మొదటి సగం చేసి, రెండవ సగం ఆదివారపు ప్రసంగానికి వదిలేస్తున్నాము.

క్రొత్తగా మారిన సౌలును యెరూషలేములో ఎవరూ నమ్మలేదు. బర్నబా ఒక్కడే చేయి పట్టుకొని అపొస్తలుల దగ్గరికి తీసుకొనిపోయాడు (అపొ. 9:26-27). అంతియొకయలో అదే బర్నబా, సౌలుతో కలిసి ఒక సంవత్సరమంతా ఆ సంఘానికి బోధించాడు (అపొ. 11:26). అపొల్లో గొప్ప వక్త. అయినా తెలియనిది ఉందని గ్రహించిన అకుల ప్రిస్కిల్లలు అతనిని జనం ముందు తప్పుపట్టలేదు, తమ దగ్గర చేర్చుకొని నేర్పించారు (అపొ. 18:26). థెస్సలొనీకలో శ్రమలు మొదలైనప్పుడు పౌలు ఉత్తరం రాసి ఊరుకోలేదు, తిమోతిని పంపాడు (1 థెస్స. 3:1-5). ఈ నాలుగు చోట్లా ఒక మనిషి మరొక మనిషి దగ్గరికి నడిచి వెళ్లాడు.

ఆది సంఘం కూడా ఈ మాటను మరువలేదు. హిప్పొలుతు పేరుతో మనకు చేరిన అపొస్తలుల సంప్రదాయం అనే పాత గ్రంథంలో బాప్తిస్మమునకు ముందు మూడేళ్లు నేర్చుకోవాలని ఉంది. తీసుకొని వచ్చినవారే ఆ వ్యక్తి నడవడికి సాక్ష్యం చెప్పాలి. ఇంగ్లండులో 1742లో జాన్ వెస్లీ అనుచరులు బ్రిస్టల్ మందిరపు అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక్కొక్కరికి అప్పగించి వారానికొక పెన్నీ వసూలు చేయసాగారు. డబ్బు కోసం ఇంటింటికీ తిరిగిన నాయకులకు ఆ ఇళ్లలోని తాగుడు, తగవులు, కన్నీళ్లు కనబడ్డాయి. మెథడిస్టుల తరగతి కూటములు అలా పుట్టాయి. ఇంటికి వెళ్తేనే కనబడేవి కొన్ని ఉంటాయి. గుడిలో కనబడవు.

మేము చేసిన తప్పు

ఇతరులకు చెప్పే ముందు మా సంగతి చెప్పాలి.

సెమినరీ చదువు ముగించి సేవకు వచ్చిన తొలి రోజులవి. సముద్రపు ఒడ్డున ఒక పాలెంలో ఒక సోదరి ప్రభువును నమ్ముకొంది. భర్త వేటకు వెళ్లి ఉన్నాడు. బాప్తిస్మము అయిన సాయంత్రమే, మాతో ఉన్న పెద్దలు చెప్పగా మేము కూడా తలూపి, బొట్టు తుడిచి గాజులు తీసేయమని ఆమెకు చెప్పాము. ఆమె విధేయురాలు. తీసేసింది.

మగవాడు సముద్రం మీద ఉండగా ఇల్లాలి నుదురు బోసిగా కనబడితే పాలెంలో ఏమనుకొంటారో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నా కొడుకు తిరిగి రాకూడదనా అని అత్తగారు వీధిలో కూర్చొని శోకాలు పెట్టింది. ఆ రాత్రే ఆమెను ఇంట్లోంచి పంపేశారు. మేము ఒక్కసారి వెళ్లి ప్రార్థన చేసి వచ్చాము. తర్వాత కూడికలు వచ్చాయి, మందిరం కట్టే పని వచ్చింది, మేము వెళ్లలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక బస్టాండులో ఆమె కనబడింది. గౌరవంగానే లేచి నిలబడింది. "అయ్యగారూ, బొట్టు తీయమన్నారు, తీశాను. తీశాక రాత్రికి ఎక్కడ పడుకోవాలో మీరెవరూ చెప్పలేదు" అన్నది. మాకు జవాబు రాలేదు. ఆమె ప్రభువును విడువలేదు. మన సంఘానికి మాత్రం మళ్లీ రాలేదు.

బొట్టు, గాజులు, తాళి విషయంలో సంఘాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. రోమా 14వ అధ్యాయాన్ని ముందు పెట్టుకొని మీ సంఘం ప్రార్థనతో నిర్ణయించుకోవాలి. మేము అడిగేది వేరు. ఒక మనిషి జీవితాన్ని కదిలించే మాట చెప్పేటప్పుడు, ఆ కుదుపులో ఆమె ప్రక్కన ఎవరు నిలబడతారో ముందే నిర్ణయించారా? నిర్ణయించకపోతే ఆ మాట చెప్పే హక్కు మనకు ఇంకా రాలేదు.

బాప్తిస్మమునకు ముందు చెప్పవలసిన నిజాలు

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకొంటాడని ప్రభువు చెప్పాడు (లూకా 14:28). ఆ లెక్కను దాచి బాప్తిస్మము ఇవ్వడం మోసం.

మొదటిది, బలవంతం గాని ఆశ చూపడం గాని ఉండకూడదు. రాజ్యాంగం 25వ అధికరణం ప్రతివానికి మనస్సాక్షి స్వాతంత్ర్యం ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు కూడా పెట్టింది. బియ్యం, డబ్బు, ఉద్యోగం ఆశ చూపి పిలిచిన పిలుపు చట్టానికి ముందే సువార్తకు విరుద్ధం. స్వస్థత కోసం వచ్చినవారు స్వస్థత రాకపోయినా ఉంటారా అని ప్రేమతో అడగండి. పదిహేను నెలలు ఆగిన సంఘానికి మనం వారసులం, మూడు నెలలు ఆగితే నష్టం లేదు.

రెండవది, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బాప్తిస్మము ఇవ్వవద్దు.

మూడవది కులధ్రువీకరణ పత్రం. చాలామంది సేవకులు ఈ మాట ఎత్తరు. షెడ్యూల్డు కులాల గురించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 సవరణతో సిక్కులు, 1990 సవరణతో బౌద్ధులు మాత్రమే ఆ జాబితాలోకి వస్తారు. క్రైస్తవులైన దళితులను మన రాష్ట్రంలో బీసీ-సి గా చూస్తారు. యానాదులు మొదలైన షెడ్యూల్డు తెగలకు మతాన్ని బట్టి అలాంటి షరతు లేదు. ఈ ఉత్తర్వు న్యాయమైనదా కాదా అనే వాదన దశాబ్దాలుగా సాగుతోంది, సంఘాలు కూడా అడుగుతూనే ఉన్నాయి. కాని పిల్లవాడి చదువు, ఉద్యోగం దాని మీద ఆధారపడిన ఇంటికి ఈ సంగతి బాప్తిస్మము తర్వాత ఇంకెవరో చెప్పి తెలియడం తగదు. కాపరి ముందే చెప్పాలి. ఒక పేరు ఆఫీసులో, ఇంకొక పేరు మందిరంలో పెట్టుకొని బ్రతకమని సలహా ఇచ్చేవారున్నారు. అది క్రొత్త విశ్వాసికి మనం నేర్పే మొదటి పాఠం అబద్ధమని ఒప్పుకోవడమే.

మొదటి సంవత్సరంలో తోడు విశ్వాసి చేయవలసినది

ప్రతి క్రొత్త విశ్వాసికి సంఘం ఒక తోడు విశ్వాసిని నియమించాలి. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ. వీలైనంత వరకు అదే ఊరివారు, అలాంటి పనే చేసుకొనేవారు. ఒకరికి ఇద్దరు ముగ్గురికంటే ఎక్కువమందిని అప్పగించవద్దు. గొప్ప వక్త కానక్కరలేదు. నోరు అదుపులో ఉన్నవాడు, ఇంట్లో గౌరవం ఉన్నవాడు, చెప్పిన రోజు వచ్చేవాడు చాలు. మూడేళ్లకు ఒప్పుకొన్నవారినే పెట్టండి.

మొదటి ఏడు రోజుల్లోపల ఇంటికి వెళ్లాలి. నమ్మని భర్తతో, అత్తగారితో, తండ్రితో ముందు మాట్లాడాలి. మీ బిడ్డను మేము మీ నుండి తీసుకొనిపోవడం లేదని వారికి మన ముఖం చూస్తేనే తెలియాలి. మత్స్యకారుల పాలెంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది, మగవారు ఇళ్ల దగ్గరే ఉంటారు. ఇళ్లు దర్శించడానికి అంతకంటే మంచి కాలం లేదు.

మొదటి మూడు నెలలు వారానికొకసారి కలిసి మార్కు సువార్త చదవండి. చదువు రానివారికి ఫోనులో ఆడియో బైబిలు పెట్టి కలిసి వినండి. ప్రార్థన నేర్పడమంటే మన ప్రార్థనను వారికి అప్పజెప్పించడం కాదు. వారి మాటల్లో, వారి కష్టం వారే దేవునికి చెప్పుకొనేలా ప్రక్కన కూర్చోవడం. కానుకల మాట మొదటి ఆరు నెలలు ఎత్తవద్దు.

ఆదివారం సెలవు దొరకనివారున్నారు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉన్నవాడు మేత వేసే వేళకు ఆరాధనకు రాలేడు. పేరయ్య తరంవారు ఆదివారం కోసం కూలి పోగొట్టుకొన్నారు, అది నిజమే. కాని వారికి తోడుగా నిలిచినవారున్నారు. మనం తోడు నిలవకుండా రాలేదని మందలించడం సులభం. ఆదివారం రాత్రి ఆ గుంట గట్టు మీదే నలుగురు కూడుకొంటే అది కూడా సంఘమే.

మొదటి పండుగ, మొదటి చావు, మొదటి పెళ్లి. క్రొత్త విశ్వాసి పడేది చాలావరకు ఈ మూడు చోట్లే. ఊరి జాతర చందాకు ఏమి చెప్పాలి? తండ్రి చనిపోతే తలకొరివి ఎవరు పెట్టాలి? ఆ రోజు వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. ముందే కూర్చొని మాట్లాడుకోవాలి. తల్లిదండ్రులను సన్మానించుమనే ఆజ్ఞ రద్దు కాలేదు. తండ్రి మంచాన ఉన్నప్పుడు సేవ చేయాలి, ఖర్చు భరించాలి, పాడె మోయాలి, తల్లి ప్రక్కన కూర్చోవాలి. తన మనస్సాక్షి ఒప్పుకోని కార్యమేదో అన్నదమ్ములకు ముందే మెల్లగా చెప్పాలి. ఆ రోజు తోడు విశ్వాసి కూడా అక్కడ ఉండాలి. ప్రసంగం చేయడానికి కాదు, మంచినీళ్లు అందించడానికి.

ఎవరి నుండి కాపాడాలి

బయటి ఒత్తిడి మనకు తెలిసినదే. కొట్టినా, వెలివేసినా, ఇంట్లోంచి గెంటినా మొదట ఆ మనిషికి చోటు చూపించాలి. అందుకే ప్రతి సంఘంలో ముందే రెండు ఇళ్లవారు సిద్ధంగా ఉండాలి. తర్వాత చట్టం. అత్యవసరానికి 112, స్త్రీలకు 181. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ఫోను 15100. గుంపుగా వెళ్లి గొడవ పెట్టుకోవద్దు. ఊరి పెద్దలతో మాట్లాడగలిగితే అదే మొదటి మార్గం. క్రొత్త విశ్వాసి సాక్ష్యాన్ని వీడియో తీసి ఫోన్లలో పంపవద్దు. మనకు అది సంతోషం, ఆ ఇంటికి మాత్రం నిప్పు. చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అనేది ఆ వ్యక్తి నిర్ణయం.

తప్పుడు బోధ ఇప్పుడు సంచిలోని ఫోనులోనే ఉంది. ఇంత పంపితే ఇంత ఆశీర్వాదం అనేవారు, మందులు మానేయమనేవారు, ఫలానా తేదీకి పెళ్లి కుదురుతుందని ప్రవచించేవారు. క్రొత్త విశ్వాసికి ఎవరి మాట వినాలో తెలియదు. ఏమి వింటున్నారో తోడు విశ్వాసి అడగాలి, వెక్కిరించకూడదు. బీపీ మాత్ర, షుగరు మాత్ర, క్షయ మందు మానమని ఎవరు చెప్పినా అది దేవుని మాట కాదని స్పష్టంగా చెప్పండి.

చివరిగా, మన నుండి కూడా కాపాడాలి. ఈ మాట రాయడం కష్టమే, రాయకపోవడం పాపం. క్రొత్త విశ్వాసి సేవకుని దేవుని దూతలాగా చూస్తాడు. ఆ నమ్మకాన్ని వాడుకొన్నవారు మన మధ్య ఉన్నారు. క్రొత్తవారి దగ్గర అప్పు, చీటీ, ష్యూరిటీ సంతకం అడగవద్దు. ఒంటరి స్త్రీకి గాని పిల్లలకు గాని ఆలోచన చెప్పేటప్పుడు తలుపు తెరిచి ఉండాలి, మరొకరు కనుచూపు మేరలో ఉండాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం ప్రతివాని విధి. సంఘ పరువు కోసం దాచడానికి కాపరికి హక్కు లేదు. పిల్లల సహాయానికి 1098. ఇంకొకటి, క్రొత్తవారిని తొందరపడి వేదిక ఎక్కించవద్దు. క్రొత్తగా చేరినవాడిని అధ్యక్షునిగా పెట్టవద్దని పౌలు తిమోతికి రాసింది (1 తిమోతి 3:6) అతని మేలు కోసమే.

రిజిస్టరులో ఇంకొక గడి

మొదట చెప్పిన రిజిస్టరు దగ్గరికి తిరిగి వద్దాము. అందులో పేరు, తండ్రి లేక భర్త పేరు, తేదీ, బాప్తిస్మము ఇచ్చిన సేవకుని పేరు ఉంటాయి. దాని ప్రక్కన స్కేలు పెట్టి ఇంకొక గీత గీయండి. పైన తోడు విశ్వాసి అని రాయండి. ఆ గడి ఖాళీగా ఉన్నంతవరకు ఆ బాప్తిస్మము జరగవలసిన పని సగమే జరిగిందని సంఘ పెద్దలు ఒప్పుకోవాలి. మూడు నెలలకొకసారి, ఒకప్పుడు ఒంగోలులో కూడుకొన్న బోధకుల లాగా, తోడు విశ్వాసులందరూ కూర్చొని ఒక్కొక్క పేరు చదివి ప్రార్థన చేయండి. పోయినవారి పేర్లు కొట్టివేయవద్దు. వారి ఇళ్లకు కూడా వెళ్లండి. తప్పు మనదైతే క్షమాపణ అడగండి. తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్లిన కాపరి మనకు ప్రభువు.

పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే (1 కొరింథీ 3:6). వృద్ధి ఆయన పని. మనకు అప్పగించినది నీళ్లు పోసే పని. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక చివరి వరుసలో ఒంటరిగా కూర్చొన్న క్రొత్త ముఖం దగ్గరికి వెళ్లండి. పేరు అడగండి. ఇల్లు ఎక్కడో అడగండి. వచ్చే వారం ఆ ఇంటికి వెళ్లండి.

ప్రభువు మన సంఘాలకు అలాంటి మనుషులను అనుగ్రహించును గాక. ఆమేన్.